గోళ్ళ సందున ఇసుక

నేను ఇదివరకు ఎప్పుడూ ఏమీ రాయలేదు. నాలుగో తరగతితో బడి మానేశాను. ఈ కథ పిల్లలకి అన్నం కలిపి పెట్టేటప్పుడు నోటితో చెప్పేది. ఒక్కోసారి ఒక్కో ముక్క మరిచిపోతున్నానని, "రాసి పెట్టు, లేకపోతే పోతుంది" అన్నారు ఇంట్లో వాళ్ళు. సిగ్గుగానే ఉంది. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

ఇక వినండి పిల్లలూ.

అనగనగా ఒక అడవి. అడవి నడుమ ఒక వాగు. వానాకాలంలో అది వాగు, ఎండాకాలంలో వట్టి ఇసుక. ఒక్క మలుపు దగ్గర మాత్రం మడుగు మిగిలేది.

ఆ వాగు ఒడ్డున రాళ్ళ సందులో కెంపి అనే రేచుకుక్క ఉండేది. రేచుకుక్క అంటే అడవికుక్క. ఎర్రటి ఒళ్ళు, నల్లటి కుచ్చు తోక. కెంపికి మూడు పిల్లలు. ఆ ఏడు కొండకి నిప్పంటుకున్నప్పుడు దాని మంద చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. పిల్లల తండ్రి తిరిగి రాలేదు.

పులి ఒంటరిగా వేటాడగలదు. రేచుకుక్క అలా కాదు. ఒకరు తరమాలి, ఒకరు అడ్డం రావాలి, ఒకరు అలిసినదాన్ని పట్టాలి. ఒంటరి రేచుకుక్కకి ఎలుకలూ తొండలే గతి. తొండలతో మూడు పిల్లల కడుపులు నిండుతాయా? పిల్లల పక్కటెముకలు బయటికి కనిపిస్తున్నాయి. ఎవరో ఒకరి తోడు దొరక్కపోతే వానలదాకా ఆ పిల్లలు బతకవు. కెంపికి ఆ సంగతి తెలుసు.

పైగా కెంపికి బిడియం. నలుగురిలో మాట పెగలదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏటా ఎండలు ముదిరే వేళ 'బండ రోజు' అని వస్తుంది. అడవిలో సంఘాలున్నాయి. ఒక్కో సంఘానికి ఒక్కో బండ. ఆ రోజు ఎవరు ఏ బండకి ఒళ్ళు రాసి తమ వాసన అంటిస్తారో, వాళ్ళు ఏడాది పొడుగునా ఆ సంఘం వాళ్ళే. వాళ్ళతోనే వేట, వాళ్ళదే కట్టుబాటు. మధ్యలో మారడానికి లేదు. ఇక చిత్రం ఏమిటంటే, సంఘాలన్నీ చెప్పే మాట ఒక్కటే. "అడవిని కాపాడేది మేమే!"

బండ రోజుకి ఇంకా నాలుగు రోజులుందనగా, మడుగు దగ్గర చిరుత మచ్చలయ్య తన సంఘానికి విందు పెట్టాడు. కెంపికీ పిలుపొచ్చింది.

"పోవే, పిల్లల్ని నేను చూస్తాలే," అంది తీతువు పిన్ని. తీతువు అంటే ఇసుకలో గుడ్లు పెట్టే పిట్ట. కెంపి ఇంటి ఎదురే దాని కాపురం. "కాకపోతే పిల్లలకి చెప్పిపో. నా గుడ్లని బంతులనుకుంటున్నారు."

కెంపి వెళ్ళింది. అక్కడ అడవిపిల్లులు, నక్కలు, తోడేళ్ళు, ఒకటే సందడి. మచ్చలయ్య బండ మీద నిలబడి గర్జించాడు.

"వేట మన పుట్టుక! అడవి మన ఇల్లు! ఇంటిని ఎవరు కాపాడుకోవాలి?"

"మనమే!" అని అందరూ అరిచారు.

ఆ అరుపుకి కెంపి ఒళ్ళు జలదరించింది. మంద పోయాక అంతమంది గొంతులు కలిసి వినడం అదే మొదటిసారి. కళ్ళు చెమర్చాయి. మచ్చలయ్య దాని దగ్గరికొచ్చి ఒక పెద్ద తొడకండ ముందు పడేశాడు.

"తీసుకుపో చెల్లెమ్మా. పిల్లల తల్లివి. బండ రోజున వచ్చి ఒళ్ళు రాసుకో. ఇలాంటివి వారానికొకటి."

"అలాగే అన్నా, వస్తాను," అంది కెంపి. నోరు జారి కాదు, నిజంగానే అంది.

ఆ పూట పిల్లలు కడుపు నిండా తిని, కాళ్ళు చాపుకుని పడుకున్నాయి. కెంపి వాటినే చూస్తూ కూచుంది.

"ఇంకేం, కుదిరిపోయినట్టేగా?" అంది తీతువు పిన్ని.

"కుదిరినట్టే పిన్నీ. కానీ మా అమ్మ ఒక మాట అనేది. సంబంధం చూడాలంటే పండగ నాడు పోకూడదట. పాచిపని వేళ పోవాలట."

"మీ అమ్మ ఘటికురాలే. మా వాళ్ళు అలా చూసి ఉంటే నేను ఈ అరుపులాయన్ని చేసుకునేదాన్నే కాదు," అని తీతువు పిన్ని మొగుడి వైపు చూసింది. ఆయన అప్పుడే గాలికి భయపడి అరవడం మొదలెట్టాడు.

మర్నాడు కెంపి చెప్పాపెట్టకుండా మడుగు దగ్గరికి వెళ్ళింది. విందు లేదు, పాటలు లేవు. పొదలో మచ్చలయ్య పొంచి ఉన్నాడు. ఒక దుప్పి నీళ్ళకి వచ్చింది. కడుపు కిందికి జారి, భారంగా అడుగులేస్తోంది. చూలుది. ఇంకో రెండు రోజుల్లో ఈనేలా ఉంది. మెడ వంచి నీళ్ళలో మూతి పెట్టింది.

పొదలోంచి చిరుత దూకాడు. ఒక్క కేక కూడా వినపడలేదు.

కెంపి చప్పున ఆగిపోయింది. వేట దానికి కొత్త కాదు. కానీ మంద కలిసున్న రోజుల్లో, పెద్దలు మూడు మాటలు చెప్పేవాళ్ళు. చూలుదాన్ని ముట్టకు, నీళ్ళ దగ్గర పట్టకు. తరిమితే ఓడినదే మనది.

"అన్నా," అంది మెల్లగా. "అది చూలుది కదా?"

మచ్చలయ్య నవ్వాడు. "అయితే మంచిదేగా! ఒక్క దెబ్బకి రెండు."

"మరి అడవిని కాపాడతామని అంటిరి?"

"కాపాడుతున్నాం కదే పిచ్చిదానా! అవతలి కొండ చిరుతలు ఇటు అడుగు పెట్టకుండా కాపలా కాస్తున్నది ఎవరు? మనం ఉంచుకుంటేనే గదా మనకి మిగిలేది."

"ఇలా తింటే మనకి మాత్రం ఏం మిగులుతుంది?"

"నిన్న తొడ తిన్నప్పుడు ఈ లెక్క అడగలేదే!" అన్నాడు మచ్చలయ్య.

కెంపి తల వంచుకుంది. వంచిన తలకి చిరుత కాళ్ళు కనిపించాయి. గోళ్ళ సందున మెత్తటి బొచ్చు ఇరుక్కుని ఉంది. పాలు తాగే పిల్లల ఒంటి మీద ఉండే బొచ్చు అది. నిన్నటి విందుది, మొన్నటిది, ఎన్నాళ్ళదో.

నిన్న తన పిల్లలు తిన్న తొడ ఎంత లేతగా ఉందో కెంపికి అప్పుడు గుర్తొచ్చింది.

రెండోనాడు అది నేరేడు చెట్టు కిందికి వెళ్ళింది. అక్కడ నెమలయ్య సంఘం. కుందేళ్ళు, కొండముచ్చులు, గువ్వలు వరుసగా కూచున్నాయి. అందరి చెవుల వెనకా ఒక్కో చిన్న ఈక. నెమలయ్య పింఛం విప్పి కమ్మగా చెబుతున్నాడు.

"ఏ ప్రాణీ ఏ ప్రాణినీ చంపకూడదు. వేట అనే మాటే ఈ అడవిలో వినపడకూడదు."

చూలు దుప్పిని తలుచుకున్న కెంపికి ఆ మాట చల్లగా తగిలింది. ధైర్యం చేసి అడిగింది.

"అన్నా, నేను చేరతాను. మరి నా పిల్లలు ఏం తినాలి?"

"ఈతపళ్ళు తినాలి. నేరేడు పళ్ళు తినాలి."

"వాటి కోరలు అందుకు పుట్టినవి కాదన్నా. పెట్టి చూశాను. కక్కుకున్నాయి."

"పుట్టుకలో దోషం అది. మెల్లగా పోతుంది," అన్నాడు నెమలయ్య. అంటుండగానే పక్కన గడ్డిలో బల్లిపిల్ల ఒకటి కదిలింది. నెమలయ్య మెడ వంచి గుటుక్కున మింగాడు.

ముందు వరసలో ఒక కుందేలుపిల్ల, "అమ్మా, తాత బల్లిని..." అనబోయింది. తల్లి దాని నోరు మూసింది.

"అది వేట కాదమ్మా," అన్నాడు నెమలయ్య గొంతు సవరించుకుని. "ఏరుకోవడం."

కొండముచ్చు ఒకటి నవ్వాపుకోలేక కొమ్మ వెనక్కి వెళ్ళింది.

కెంపి ఇంకొక్కటి అడిగింది. "మడుగు తగ్గిపోతోంది. అక్కడ చిరుత ఉంటాడని దుప్పులు దాహంతో తిరుగుతున్నాయి. వాటికి నీళ్ళ దారి ఏదైనా..."

"ఎంత దయ నీకు! దాని మీదే ఎల్లుండి సభ పెడుతున్నాం. నువ్వూ రా."

నెమలికి తన కాళ్ళు చూపించడం ఇష్టముండదు, మీకు తెలుసుగా. కానీ కెంపి చూసింది. గోళ్ళకి దుమ్మయినా లేదు. నెత్తురు లేదు, నిజమే. మన్నూ లేదు. నెమలయ్య చెడ్డవాడని దానికి అనిపించలేదు. ఆ చెట్టు కింద కూచున్నవాళ్ళు ఆ చెట్టు నీడ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు, అంతే.

ఇంటికొచ్చేసరికి పిల్లలు మళ్ళీ ఆకలితో మూలుగుతున్నాయి. చిన్నది లేవలేకపోతోంది.

"మచ్చలయ్య దగ్గరికే పోవాలేమో పిన్నీ," అంది కెంపి. "పిల్లల కంటే నాకు ఎవరెక్కువ?"

తీతువు పిన్ని ఎగువ వైపు చూసింది. తర్వాత అంది: "ఈ ఇసుకలో ఎగువకి పోతే మూడు తాడిచెట్ల దగ్గర ఎలుగవ్వ వాళ్ళు ఏదో చేస్తుంటారు. అదీ సంఘమో కాదో నాకు తెలీదు. అక్కడ గొంతెత్తి మాట్లాడేవాళ్ళు లేరు. ముసలిది సణగడం తప్ప."

మూడోనాడు పొద్దున కెంపి ఎగువకి నడిచింది.

అక్కడ ఇసుకలో ముగ్గురు కనిపించారు. ముసలి ఎలుగుబంటి ఒకటి, చెవి చిరిగిన తోడేలు తాత ఒకడు, ఒక ఆడ కణితి. కణితి అంటే గేదె దూడంత ఉండే పెద్ద జింక. అదీ చూలుతో ఉంది. తోడేలు పక్కనే కణితి! కెంపి తన కళ్ళని తాను నమ్మలేదు.

ముగ్గురూ ఇసుక తోడుతున్నారు. ఎలుగవ్వ గోళ్ళతో తవ్వుతుంటే, తోడేలు తాత కాళ్ళతో వెనక్కి నెడుతున్నాడు, కణితి గిట్టలతో గట్టు తొక్కుతోంది. తోడగా తోడగా గుంటలో తడి వచ్చింది. తడి కాస్తా నీళ్ళయింది. ఇలా ఇసుకలో తోడుకునే నీళ్ళ గుంటని చెలమ అంటారు.

"నిలబడి చూడ్డానికి ఇదేం తోలుబొమ్మలాటా?" అంది ఎలుగవ్వ తల ఎత్తకుండానే. "పక్కకి జరుగు, గట్టు కూలుతుంది."

కెంపి జరిగింది. "అవ్వా, ఇది ఏ సంఘం?"

"పేరు పెట్టలేదు. తీరిక లేదు."

"మీ బండ ఎక్కడ?"

"బండ ఎందుకే? ఇదిగో ఈ ఇసుకే. రాత్రికి కూలి పూడిపోతుంది. పొద్దున్నే మళ్ళీ తోడాలి. ఇక్కడ ఏడాదికోసారి చేరడం కుదరదు. రోజూ చేరాలి."

కెంపి తోడేలు తాత వైపు తిరిగింది. "తాతా, నువ్వు వేట మానేశావా?"

"మానేస్తే ఈ వయసులో ఏం తిని బతుకుతానే తల్లీ? వేటాడతాను. సాయంత్రం కొండ మీద. నీళ్ళ దగ్గర కాదు. చూలుదాన్ని కాదు, పాలిచ్చేదాన్ని కాదు. తరుముతాను. నన్ను ఓడించి పారిపోతే, బతికావు పో అంటాను. ఈ మధ్య అందరూ ఓడిస్తున్నారు," అని నవ్వాడు. "ఒక్కణ్ణే కదా. తరిమేవాడు ఉన్నాడు, అడ్డం వచ్చేవాడు లేడు."

కెంపి చెవులు నిక్కాయి. కానీ దాని చూపు కణితి మీదే ఉంది. మెల్లగా అడిగింది. "అక్కా, వేటాడేవాళ్ళ పక్కన నిలబడి పని చేస్తున్నావు. నీకు భయం లేదా?"

"లేకేం? ఇప్పుడు నిన్ను చూసినా భయంగానే ఉంది," అంది కణితి. "భయం ఉంది గనకే ఇక్కడికొచ్చాను. నేను ముసలిదాన్నయి పరుగెత్తలేని రోజున, కొండ మీద నా వెంట పడితే పడు. అది అడవి పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. నీళ్ళకి వంచిన మెడ మీద మాత్రం పడకు. ఆ ఒక్క నమ్మకం చాలు నాకు."

కెంపి వాళ్ళ కాళ్ళు చూసింది. ఎలుగవ్వ గోళ్ళ సందున తడి ఇసుక. తోడేలు తాత గోళ్ళ సందున తడి ఇసుక. కణితి గిట్టల నడుమా తడి ఇసుకే.

"నేను చేరితే నాకు ఏమిస్తారు అవ్వా? పిల్లలున్నాయి," అంది కెంపి, సిగ్గుపడుతూనే.

"ఇవ్వడానికి ఏముంది ఇక్కడ? నీళ్ళు. తాత తోడు. దొరికిన పూట తింటారు, దొరకని పూట పస్తు. ముందే చెబుతున్నా, తర్వాత నా మీద పడి ఏడవద్దు."

బండ రోజు వచ్చింది. మచ్చలయ్య సంఘమంతా మడుగు దగ్గర తమ బండ చుట్టూ చేరింది. మచ్చలయ్య కెంపిని చూసి, "రావే చెల్లెమ్మా!" అని పిలిచాడు. అందరి కళ్ళూ తన మీదే. కెంపి నేల చూస్తూ నడిచింది. బండ దగ్గరికి వచ్చింది. ఒళ్ళు రాసుకోలేదు.

"అన్నా, నేను రాను," అంది.

"మా తొడ తిని, మాకే మొండిచెయ్యా?"

నక్కలు ఎగతాళిగా ఊళలేశాయి. కెంపి నేల చూస్తూనే అంది: "వస్తానని మాటిచ్చాను, తప్పు నాదే. ఆ తొడ ఎలా వచ్చిందో తెలియక తిన్నాను. తెలిశాక తినలేను."

"పో! పోయి ఇసుక నాకు!" అన్నాడు మచ్చలయ్య. అందరూ నవ్వారు. ఆ నవ్వు వెనకే వస్తుంటే, కెంపి తోక ముడుచుకుని ఎగువకి నడిచింది.

ఆ సాయంత్రమే అది తాతతో కలిసి కొండెక్కింది. ఏమీ దొరకలేదు. పిల్లలు పస్తు. రెండో సాయంత్రమూ అంతే. చిన్నదాని ఊపిరి పలచబడింది. కెంపి చెలమ నీళ్ళు నోటితో తెచ్చి దానికి పట్టింది. మూడో సాయంత్రం తాత తరిమాడు, కెంపి అడ్డం వచ్చింది. కుంటుతున్న ముసలి అడవిపంది ఒకటి పడింది. చిన్నది ఆ రోజు లేచి కూచుని తింది.

అలా ఇరవై రోజులు గడిచాయి. చెలమకి అలవాటుపడ్డ దుప్పులు ఎగువకి వచ్చేశాయి. దుప్పులు లేని మడుగు దగ్గర మచ్చలయ్య సంఘానికి తిండి లేదు. బండ కట్టుబాటు మరిచి ఒక్కొక్కరే జారుకున్నారు. ఎండకి మడుగు కూడా ఎండి, బురద పగిలింది.

ఒక మధ్యాహ్నం మచ్చలయ్య చెలమ దగ్గరికి వచ్చాడు. చర్మం ఎముకలకి అంటుకుపోయింది. కానీ గొంతులో పొగరు అలాగే ఉంది.

"లెండి! ఈ వాగు మాది."

ఎలుగవ్వ రెండు కాళ్ళ మీద లేచింది. తోడేలు తాత పళ్ళు బయటపెట్టాడు. మచ్చలయ్య చెలమ దాకా వచ్చి, గట్టు మీద ఆగిపోయాడు. తాగాలంటే తల వంచాలి. అటు ఎలుగుబంటి, ఇటు తోడేలు, ముందు రేచుకుక్క. వంచితే మెడ వాళ్ళ పళ్ళ ముందు ఉంటుంది. చిరుత కాళ్ళు సన్నగా వణకడం కెంపి చూసింది.

నలుగురిలో నోరు విప్పని కెంపి, అప్పుడు గొంతెత్తింది.

"తాగు అన్నా. భయపడకు. ఇక్కడ వంచిన మెడ మీద ఎవరూ పడరు. అది నీ మెడైనా సరే."

మచ్చలయ్య ముగ్గురి పళ్ళ వంకా చూశాడు. తర్వాత తల వంచాడు. తాగాడు. తాగుతూనే ఉన్నాడు. ఎవరూ కదలలేదు.

తల ఎత్తాక అడిగాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"తాగావుగా, పో," అంది ఎలుగవ్వ. "రేపటికి ఇది కూలిపోతుంది. తెల్లారి వస్తే తవ్వు. రాకపోతే మానెయ్."

మచ్చలయ్య వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కెంపి అందరికంటే ముందు వచ్చింది. వెనక మూడు పిల్లలూ ఉన్నాయి. చెలమ పూడిపోయి ఉంది. గట్టు దగ్గర కణితి నిలబడి ఉంది. దాని కడుపు కింద, ఇంకా తడి ఆరని పిల్ల ఒకటి తడబడుతూ నిలబడడం నేర్చుకుంటోంది. కెంపి చిన్నది దాన్ని చూసి నాలుక చప్పరించింది. ముందు రోజు సాయంత్రం కూడా వేట దొరకలేదు మరి.

"అటు చూడకు," అంది కెంపి. "ఆ పిల్లకి దాహంగా ఉంటుంది. కాళ్ళు ఇటు పెట్టు. ఇదిగో, ఇలా తోడాలి."

పిల్లలు నన్ను ఎప్పుడూ అడుగుతారు, చిరుత వచ్చాడా అని. నాకు తెలియదు. కెంపి కూడా అతను వచ్చే దారి వంక ఒక్కసారి చూసింది. ఎదురుచూస్తూ కూచోలేదు. వంగి, ముందుకాళ్ళు రెండూ ఇసుకలో పెట్టి, ఆ రోజుకి మళ్ళీ చేరింది.

నీతి: ఏ గుంపులో చేరాలన్నా పండగ రోజు వాళ్ళ మాటలు విని చేరకు, మామూలు రోజున వాళ్ళ చేతులకి ఏమంటిందో చూసి చేరు. చేరాక నీ చేతులకీ రోజూ అది అంటాలి.